మోటారుకు అంకెల కళ్లెం

పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని ప్రాంతాలలో రాత్రికీ పగటికీ భేదం తక్కువ. ఒక షిఫ్టు వారు గని నుండి వెలుపలికి వచ్చే వేళకు మరొక షిఫ్టు వారు తలదీపాలు కట్టుకొని లోనికి దిగుతుంటారు. కార్మికులు గనిని ‘బాయి’ అంటారు. బాయిలో బొగ్గు తవ్వకం ఆగిన రోజున కూడా ఆగని శబ్దం ఒకటి అక్కడ వినబడుతుంది. గని ముఖద్వారానికి కొంత దూరంలో, భూమి ఉపరితలం మీద నిర్మించిన ఫ్యాన్ హౌస్ నుండి వచ్చే హోరు అది. అందులోని పంకా సాధారణంగా గనిలోనికి గాలిని ఊదదు. లోపల చెడిపోయిన గాలిని వెలుపలికి లాగివేస్తుంది. ఆ లోటును పూరించడానికి మరొక మార్గం నుండి మంచి గాలి లోనికి ప్రవేశించి, సొరంగాలను చుట్టి, బొగ్గు తవ్వే చోటికి చేరుతుంది. మనుషుల శ్వాస, యంత్రాల వేడి, పేలుళ్ల పొగ, బొగ్గు ధూళి, బొగ్గు పొరల నుండి వెలువడే మీథేన్ వాయువు, వీటన్నిటినీ మోసుకొని పోవలసింది ఆ గాలే.

పంకాను తిప్పేది ఒక విద్యుత్ మోటారు. ఆ మోటారు ఎంత వేగంతో తిరగాలి? ఆ వేగాన్ని దేనితో అదుపు చేయాలి? ఈ ప్రశ్నలకు ఇంజనీర్లు కనుగొన్న సమాధానమే డిజిటల్ వేగ నియంత్రకం. దాని నిర్మాణాన్ని తెలుసుకొనే ముందు అది పనిచేయవలసిన చోటును గురించి కొంత తెలుసుకోవడం అవసరం.

1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు సమీపంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలయింది. 1920లో ఆ సంస్థకు సింగరేణి కాలరీస్ కంపెనీ అనే పేరు స్థిరపడింది. కాలక్రమంలో గనులు గోదావరి తీరం వెంట ఉత్తరానికి విస్తరించాయి. గోదావరిఖని పట్టణం పేరులోనే గని ఉన్నది. 1983లో రామగుండం జాతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలో మొదటి యూనిట్ ఉత్పత్తిని ప్రారంభించింది. అప్పటికి ఈ ప్రాంతమంతా కరీంనగర్ జిల్లాలో ఉండేది. పెద్దపల్లి ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది 2016లో. ఇక్కడి నేలలోని బొగ్గు విద్యుత్తుగా మారుతుంది. అటువంటి విద్యుత్తే తిరిగి గని పంకాను తిప్పుతుంది. కనుక పంకా వృథా చేసే ప్రతి యూనిట్ వెనుక ఎవరో ఒకరు భూమిలోపల తవ్విన బొగ్గు ఉంటుంది.

గనులలోను, కర్మాగారాలలోను అత్యధికంగా వాడుకలో ఉన్నది ఇండక్షన్ మోటారు. తెలుగులో దీనిని ప్రేరణ మోటారు అని కూడా వ్యవహరిస్తారు. 1888లో ఇటలీలో గెలీలియో ఫెరారిస్, అమెరికాలో నికొలా టెస్లా దాని సూత్రాన్ని వేరువేరుగా వెల్లడించారు. మరుసటి సంవత్సరమే మిఖాయిల్ దొలీవొ-దొబ్రొవోల్స్కీ మూడు ఫేజుల మోటారును నిర్మించాడు. దాని నిర్మాణం ఆశ్చర్యం కలిగించేంత సులువైనది. స్థిరంగా ఉండే భాగం స్టేటర్. దానిలో చుట్టిన మూడు తీగచుట్టలకు మూడు ఫేజుల విద్యుత్తు ఇస్తే లోపల ఒక అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది. మధ్యలో ఉడుతను పెంచే పంజరం ఆకారంలో కడ్డీలు అమర్చిన రోటార్ ఉంటుంది. తిరిగే క్షేత్రం ఆ కడ్డీలలో విద్యుత్తును పుట్టించి, తన వెంట లాక్కొనిపోతుంది. రోటార్‌కు వెలుపలి నుండి తీగ కలపనవసరం లేదు. రాపిడి చెందే బ్రష్షులు లేవు. అందువలన నిప్పురవ్వలు రాలవు. మండే వాయువు, మండే ధూళి ఉండే చోట ఈ గుణం ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు.

అయితే ఈ మోటారుకు ఒక మొండితనం ఉన్నది. క్షేత్రం తిరిగే వేగం విద్యుత్తు పౌనఃపున్యం మీద, మోటారులోని ధ్రువాల సంఖ్య మీద మాత్రమే ఆధారపడుతుంది. పౌనఃపున్యాన్ని 120తో గుణించి ధ్రువాల సంఖ్యతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో తెలుస్తుంది. మన దేశంలో సరఫరా పౌనఃపున్యం 50 హెర్ట్జ్. నాలుగు ధ్రువాల మోటారులో క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. రోటార్ దాని కంటె కొద్దిగా వెనుకబడి, పూర్తి బరువు మీద సుమారు 1440 చుట్లు తిరుగుతుంది. ఈ వెనుకబాటును స్లిప్ అంటారు. అది లేకపోతే రోటార్ కడ్డీలలో విద్యుత్తు పుట్టదు, మోటారు తిరగదు. ధ్రువాలు తయారీనాడే నిర్ణయమైపోతాయి. పౌనఃపున్యం విద్యుత్ కేంద్రం చేతిలో ఉంటుంది. ఇక ఫ్యాన్ హౌస్‌లో ఉన్నవారి చేతిలో మిగిలేది మోటారును నడపడం, ఆపడం మాత్రమే.

గని పంకాను ఎంచుకొనే ఇంజనీరు ఆ నాటి గనిని మాత్రమే దృష్టిలో ఉంచుకోడు. పది పదిహేనేళ్ల తరువాత సొరంగాలు దూరం పెరిగినప్పుడు కూడా చాలినంత గాలి లాగగల పంకాను ఎంచుకొంటాడు. కనుక గని చిన్నదిగా ఉన్న తొలి సంవత్సరాలలో పంకా బలం అవసరానికి మించి ఉంటుంది. పూర్వం ఆ అదనపు గాలిని తగ్గించడానికి మార్గంలో తలుపు వంటి అడ్డును మూసేవారు. కుళాయిని పూర్తిగా తిప్పి, గొట్టాన్ని కాలితో తొక్కి నీరు తగ్గించడం వంటిది ఈ పని. మోటారు వేగం తగ్గదు. విద్యుత్తు ఖర్చు కూడా తగ్గవలసినంతగా తగ్గదు.

వేగాన్నే తగ్గిస్తే కథ వేరుగా ఉంటుంది. పంకా లాగే గాలి పరిమాణం వేగంతో సమానంగా తగ్గుతుంది. దానికి కావలసిన శక్తి మాత్రం వేగపు ఘనంతో తగ్గుతుంది. వేగాన్ని 80 శాతానికి దించితే శక్తి 80 శాతానికి కాక 51 శాతానికి దిగుతుంది. పూర్తి వేగం వద్ద 100 కిలోవాట్లు వాడే పంకా సంవత్సరమంతా రేయింబవళ్లు 80 శాతం వేగంతో తిరిగితే సుమారు 4 లక్షల 27 వేల యూనిట్లు మిగులుతాయి. ఇది కాగితం మీది లెక్క. నియంత్రకం తానుగా కొంత శక్తిని వేడి రూపంలో పోగొడుతుంది. గనిలో సహజంగా వీచే గాలి కూడా లెక్కను కొంత మారుస్తుంది. అయినా మిగులు చిన్నది కాదు.

వేగాన్ని మార్చాలంటే పౌనఃపున్యాన్ని మార్చాలి. గ్రిడ్ నుండి వచ్చే 50 హెర్ట్జ్‌ను నేరుగా 40గా మార్చడం కష్టం. కనుక నియంత్రకం మొదట దానిని చెరిపివేస్తుంది. రెక్టిఫైయర్ మూడు ఫేజుల ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. 415 వోల్టుల సరఫరా నుండి వచ్చే ఏకముఖ వోల్టేజి శిఖరం 587 వోల్టుల దాకా ఉంటుంది. దానిలోని ఒడుదొడుకులను పెద్ద కెపాసిటర్లు సరిచేస్తాయి. ఆ తరువాత ఆరు ఎలక్ట్రానిక్ స్విచ్చులు, ఫేజుకు పైన ఒకటి, కింద ఒకటి చొప్పున, ఆ ఏకముఖ విద్యుత్తును ముక్కలు ముక్కలుగా కోసి మోటారుకు అందిస్తాయి. 1957లో థైరిస్టర్ వచ్చిన నాటి నుండి ఇటువంటి ప్రయత్నాలు సాగుతున్నాయి. కాని ఒకసారి వెలిగిన థైరిస్టర్‌ను ఇష్టం వచ్చినప్పుడు ఆర్పడం అంత తేలిక కాదు. 1980ల తొలినాళ్లలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో బి. జయంత్ బాలిగా అభివృద్ధి చేసిన ఐ.జి.బి.టి. అనే అర్ధవాహక స్విచ్ ఈ చిక్కును తీర్చింది. ఆయన మద్రాసులో జన్మించినవాడు. ఈనాడు కాజీపేట - బల్లార్షా మార్గంలో పెద్దపల్లి, రామగుండం స్టేషన్ల మీదుగా సరుకు బండ్లను లాగే మూడు ఫేజుల విద్యుత్ ఇంజన్లలో కూడా ఉన్నవి ఇండక్షన్ మోటార్లే. వాటి వేగాన్ని అదుపు చేసేదీ ఈ సూత్రమే.

ఇప్పుడు అంకెల పని మొదలవుతుంది. స్విచ్చులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో నిర్ణయించేది వేలి గోరంత మైక్రోకంట్రోలర్. దాని జ్ఞాపకంలో సైన్ తరంగపు ఒక ఆవృత్తాన్ని 256 గడులుగా విభజించి, ప్రతి గడిలో ఆ చోటి ఎత్తును అంకెగా రాసి ఉంచుతారు. మొదటి ఫేజు ఏ గడిలో ఉన్నదో, రెండవ ఫేజు అక్కడి నుండి 85 గడుల దూరంలో, మూడవది 170 గడుల దూరంలో ఉంటాయి. 120 డిగ్రీల తేడాకు అంకెలలో అర్థం ఇదే. గడిలోని అంక పెద్దదైతే స్విచ్ ఎక్కువసేపు మూసి ఉంటుంది, చిన్నదైతే తక్కువసేపు. సెకనుకు 5000 సార్లు జరిగే ఈ కోతను మోటారు తీగచుట్టలు చదును చేసి సైన్ తరంగం వంటి ప్రవాహంగా మార్చుకొంటాయి.

గడి నుండి గడికి ఎంత వేగంగా కదలాలి? ఇక్కడ ఒక చక్కని ఉపాయం ఉన్నది. పూర్తి వలయాన్ని 65,536 భాగాలుగా భావించి, సెకనులో అయిదువేలవ వంతు గడిచిన ప్రతిసారీ ఒక సంఖ్యను కూడుతూ పోతారు. 655 కూడితే 50 హెర్ట్జ్, 524 కూడితే 40 హెర్ట్జ్ వస్తుంది. మొత్తం 65,536 దాటగానే లెక్క మళ్లీ సున్నా నుండి మొదలవుతుంది. అనగా, టన్నుల బరువున్న పంకా వేగం ఒక చిన్న కూడికలోని సంఖ్యగా మారిపోయింది. ఆ సంఖ్యను ఒకటి పెంచితే పౌనఃపున్యం సుమారు 0.076 హెర్ట్జ్, నాలుగు ధ్రువాల మోటారు వేగం నిమిషానికి రెండు చుట్లకు పైగా పెరుగుతుంది.

పౌనఃపున్యాన్ని ఒక్కదానినే తగ్గిస్తే మోటారు కాలిపోయే ప్రమాదం ఉన్నది. పౌనఃపున్యం తగ్గి వోల్టేజి అలాగే ఉంటే ఇనుములో అయస్కాంత బలం మితిమీరి, ప్రవాహం విపరీతంగా పెరుగుతుంది. అందుచేత రెండింటి నిష్పత్తిని నిలపాలి. 415ను 50తో భాగిస్తే హెర్ట్జ్‌కు 8.3 వోల్టులు. 40 హెర్ట్జ్ వద్ద 332 వోల్టులు ఇవ్వాలి. మరీ తక్కువ వేగాలలో తీగల నిరోధమే కొంత వోల్టేజిని మింగివేస్తుంది కనుక అక్కడ లెక్కకు కొంచెం అదనంగా ఇస్తారు. ఈ పద్ధతిలో మరొక లాభం ఉన్నది. ఇండక్షన్ మోటారును నేరుగా సరఫరాకు కలిపితే మొదలయ్యే క్షణంలో అది సాధారణ ప్రవాహానికి ఆరేడు రెట్లు లాగుతుంది. నియంత్రకం సున్నా నుండి మెల్లగా పైకి తీసుకొనిపోతుంది కాబట్టి ఆ కుదుపు ఉండదు.

ఇంతవరకు వివరించిన దానిని నిర్మించడానికి పూనుకొన్న వారికి మొదటి దెబ్బ తగిలేది సాధారణంగా ఒకే చోట. ఒక ఫేజులోని పై స్విచ్, కింది స్విచ్ ఒకేసారి మూసుకొంటే 587 వోల్టులు నేరుగా కలిసిపోయి స్విచ్చులు రెండూ క్షణంలో పేలిపోతాయి. ప్రోగ్రాంలో ఒకటి ఆర్పి మరొకటి వెలిగించినంత మాత్రాన చాలదు. ఆర్పమన్న స్విచ్ వెంటనే ఆరదు. కనుక రెండింటి నడుమ రెండు మూడు మైక్రోసెకన్ల విరామం తప్పనిసరి. మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షలవ వంతు. ఆ స్వల్ప విరామాన్ని మరచినందుకు కాలిపోయిన స్విచ్చులు ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలలలో అరుదు కాదు. సరఫరాను ఆపిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రాణం తీయగల విద్యుత్తు నిలువ ఉంటుంది. అది కాలిపోయిన స్విచ్ కంటె చాలా పెద్ద ప్రమాదం. నిలువ తొలగిందని మీటరుతో చూసుకోకుండా పెట్టెలో చేయి పెట్టరాదు. ప్రయోగశాలలో తొలి పరీక్షలను ఉపాధ్యాయుల పర్యవేక్షణలో, తక్కువ వోల్టేజి మీద, చిన్న మోటారుతో జరపడం ఇందుకే.

మోటారు నిజంగా ఎంత వేగంతో తిరుగుతున్నదో తెలియకుండా నియంత్రణ పూర్తి కాదు. ఇరుసుకు అంచు చుట్టూ 60 గాట్లున్న బిళ్లను బిగించి, ఒక కాంతి గ్రాహకంతో గాట్లను లెక్కించవచ్చు. 60 గాట్లనే ఎన్నుకోవడంలో ఒక సౌలభ్యం ఉన్నది: ఒక సెకనులో లెక్కకు వచ్చిన గాట్ల సంఖ్యే నిమిషానికి చుట్ల సంఖ్య అవుతుంది. నిమిషానికి 1200 చుట్లు కావాలని కోరారు. నియంత్రకం 40 హెర్ట్జ్ ఇచ్చింది. స్లిప్ కారణంగా బిళ్ల 1160 చూపుతున్నది. లోటు 40. ఆ లోటుకు తగినంతగా పౌనఃపున్యాన్ని పెంచడం మొదటి మార్గం. కాని లోటు తగ్గేకొద్దీ ఆ పెంపు కూడా తగ్గిపోయి, చివరకు ఎంతో కొంత లోటు మిగిలిపోతుంది. అందుకని గడచిన లోటులన్నిటి మొత్తాన్ని కూడా లెక్కలోనికి తీసుకొంటారు. మిగిలిన లోటు ఎంత చిన్నదైనా, అది నిలిచి ఉన్నంతసేపు మొత్తం పెరుగుతూనే ఉంటుంది. లోటు పూర్తిగా తీరేవరకు అది పౌనఃపున్యాన్ని నెడుతుంది. ఏదైనా అడ్డుపడి పంకా వేగం అందుకోలేకపోతే ఈ మొత్తం అదుపు లేకుండా పోగుపడుతుంది. ఆ అడ్డు తొలగగానే వేగం ఒక్కసారిగా ఎగిసిపడుతుంది. కనుక ఆ మొత్తానికి ఒక హద్దు పెట్టాలి. ఇక వేగాన్ని తగ్గించేటప్పుడు బరువైన పంకా తనలోని శక్తిని మోటారు ద్వారా తిరిగి కెపాసిటర్లలోనికి పంపుతుంది. వాటి వోల్టేజి హద్దు దాటకుండా వేగాన్ని మెల్లగా దించాలి, లేదా ఆ శక్తిని ఒక నిరోధంలో వేడిగా ఖర్చు చేయాలి.

ఇంతవరకు చెప్పినది పిండిమరకు, నీటి పంపుకు, గని పంకాకు ఒకే విధంగా వర్తిస్తుంది. ఇక్కడి నుండి గని దారి వేరు.

మన దేశపు బొగ్గు గనుల నిబంధనల ప్రకారం ప్రతి గాలి సరఫరా విభాగంలో, అత్యధిక సంఖ్యలో కార్మికులుండే షిఫ్టును లెక్కలోనికి తీసుకొని, మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్ల గాలి అందాలి. లేదా రోజుకు తీసే ప్రతి టన్ను బొగ్గుకు నిమిషానికి 2.5 ఘనపు మీటర్ల చొప్పున అందాలి. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానిని పాటించాలి. ఒక విభాగంలో 100 మంది పనిచేస్తూ రోజుకు 400 టన్నులు తీస్తున్నారనుకొందాం. మనుషుల లెక్కన 600, బొగ్గు లెక్కన 1000. కనుక 1000 ఘనపు మీటర్లకు తగ్గరాదు. 1440 చుట్ల వేగం వద్ద అక్కడికి 1200 ఘనపు మీటర్ల గాలి చేరుతుంటే, వేగాన్ని 1200 చుట్ల వరకు దించవచ్చు. శక్తి 58 శాతానికి తగ్గుతుంది. 1100 చుట్లకు దించితే శక్తి 45 శాతానికే పరిమితమవుతుంది. ఖర్చులు రాసే పుస్తకానికి అది మరింత ఇంపుగా కనిపిస్తుంది. కాని గాలి 917 ఘనపు మీటర్లకు పడిపోతుంది.

కాబట్టి గని పంకా నియంత్రకంలో అన్నిటికంటె ముఖ్యమైన అంకె కనిష్ఠ వేగం. దానిని నిర్ణయించేది ప్రోగ్రాం రాసినవారు కాదు. గాలి సరఫరా బాధ్యత గల అధికారులు లోనికి దిగి, తవ్వకం జరిగే చోట గాలి వేగమాపకంతో కొలిచి నిర్ణయించాలి. ఫ్యాన్ హౌస్ దగ్గర కొలిచిన గాలి అంతా కార్మికుని వద్దకు చేరదు. తలుపుల సందులలో, పాత సొరంగాలలో కొంత జారిపోతుంది. తవ్వకం ముందుకు సాగిన కొద్దీ ఆ కనిష్ఠ వేగాన్ని తిరిగి లెక్కించవలసిందే. దానిని ఎవరు పడితే వారు మీట నొక్కి మార్చే వీలు ఉండరాదు.

రెండవ భేదం ఇంకా లోతైనది. కర్మాగారంలో నియంత్రకానికి ఏ సందేహం కలిగినా మోటారును ఆపివేయడమే క్షేమం. వేగమాపకం నుండి సంకేతం రాకపోతే, వేడి పెరిగితే, లెక్క తప్పితే ఆపమని ప్రోగ్రాంలో రాస్తారు. గని ప్రధాన పంకాకు అదే ఆజ్ఞ రాస్తే చిక్కు వస్తుంది. గాలిలో మీథేన్ 5 నుండి 15 శాతం వరకు ఉన్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. అంతదూరం రానీయకుండా, 1.25 శాతానికి చేరగానే గనిలోపలి ఆ ప్రాంతానికి విద్యుత్తును నిలిపివేయాలని నిబంధన. లోపలి యంత్రాలు ఆగాలి. పైనున్న పంకా మాత్రం ఆగరాదు. ఆ వాయువును పలుచన చేసి వెలుపలికి లాగవలసింది అదే కదా! ఒక బిళ్ల మీద దుమ్ము పట్టి గాట్లు కనబడనందుకు నియంత్రకం పంకాను ఆపివేస్తే, జాగ్రత్త కోసం రాసిన ఆజ్ఞే ప్రమాదమవుతుంది.

అందుచేత ఇక్కడ ప్రోగ్రాం మరొక విధంగా ఉండాలి. వేగమాపక సంకేతం పోతే నియంత్రకం దానిని నమ్మడం మాని, 50 హెర్ట్జ్ వద్ద పూర్తి వేగానికి వెళ్లి, గంట మోగించాలి. ప్రోగ్రాం ఎక్కడైనా చిక్కుపడి నిలిచిపోతే గమనించి తిరిగి మొదలుపెట్టే కాపలా గడియారం మైక్రోకంట్రోలర్‌లోనే ఉంటుంది. దానిని తప్పక వాడాలి. నియంత్రకమే కాలిపోతే మోటారును దాని నుండి విడదీసి, నేరుగా సరఫరాకు కలిపే ప్రక్కదారి స్విచ్ ఉండాలి. ఈ రెండు దారులు ఎన్నడూ ఒకేసారి కలవకుండా యాంత్రికమైన అడ్డు కూడా అమర్చాలి. లేకపోతే గ్రిడ్ విద్యుత్తు వెనుక నుండి స్విచ్చులలోనికి చొరబడుతుంది. సెకనుకు 5000 సార్లు కోతలు కోసే యంత్రానికి పక్కన ఇటువంటి మొరటు ఇనుప మీట ఉండటం చూడటానికి వింతగా ఉంటుంది. అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్ మాత్రం మొదట దానినే పరీక్షిస్తాడు.

భూగర్భంలో పనిచేసే బెల్టులకు, పంపులకు ఇటువంటి నియంత్రకాన్ని అమర్చితే మరొక సమస్య ఎదురవుతుంది. లోపల పుట్టిన నిప్పురవ్వ వెలుపలికి రాని బలమైన ఇనుప పెట్టెలో దానిని బిగించాలి. కాని 100 కిలోవాట్ల నియంత్రకం మూడు శాతం పోగొట్టినా 3 కిలోవాట్ల వేడి, అనగా మూడు పెద్ద ఇస్త్రీపెట్టెల వేడి, మూసిన పెట్టెలో చిక్కుకొంటుంది. నేలమీద చక్కగా నడిచిన యంత్రాన్ని లోనికి దించడంలో అసలు శ్రమ ఆ వేడిని వెలుపలికి పంపడంలోనే ఉన్నది.

నియంత్రకం పూర్తయిన తరువాత పరీక్షలు జరుగుతాయి. కోరిన వేగం వచ్చినదా, ప్రవాహం హద్దులో ఉన్నదా, కనిష్ఠ వేగం కంటె తక్కువ కోరితే అది నిరాకరించినదా అని చూస్తారు. గని ప్రధాన పంకా విషయంలో మరొక పరీక్ష మిగిలి ఉంటుంది. ఎవరూ లోనికి దిగని సమయంలో, పంకా 1200 చుట్లతో నిలకడగా తిరుగుతుండగా, వేగమాపకపు తీగను కావాలనే ఊడదీస్తారు. గంట మోగుతుంది. ఫ్యాన్ హౌస్‌లో నిలబడినవారు మీటరు వైపు చూడనవసరం లేదు. హోరు తగ్గకుండా, క్రమంగా హెచ్చి పూర్తి వేగపు స్థాయిలో నిలబడితే ఆ నియంత్రకాన్ని గనికి అప్పగించవచ్చు.